పేపర్ దొరకడం వేరు, వెతకడం వేరు: యూనివర్సిటీ అధ్యాపకుల చేతిలో డిజిటల్ లైబ్రరీ

క్లుప్తంగా

కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ యూనివర్సిటీలు, కాలేజీల అధ్యాపకులకు వేల సంఖ్యలో అంతర్జాతీయ జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. అయితే వాళ్ల వెతుకులాట సాధారణంగా లైబ్రరీ వెబ్‌సైట్‌లో మొదలుకాదు. గూగుల్ స్కాలర్‌లోనో, తోటివారి వాట్సాప్ మెసేజ్‌తోనో మొదలవుతుంది. చందా కట్టిన పరిశోధన పేపర్‌కూ దాన్ని వెతికే మనిషికీ మధ్య లాగిన్లు, నెట్‌వర్కులు, సబ్జెక్టుల అలవాట్లు, ప్రమోషన్ల నిబంధనలు ఉన్నాయి. తెలుగు, చరిత్ర వంటి సబ్జెక్టుల్లో చిక్కు ఇంకో రకం. పుస్తకం స్కాన్ అయి ఉంటుంది గానీ సెర్చ్‌లో తగలదు.

---

విశాఖపట్నంలోనో వరంగల్‌లోనో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ అనుకుందాం. కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఒక పేపర్ కావాలి. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో వెతికితే కనిపిస్తుంది. నొక్కితే ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది. అదే పేపర్‌ను అదే భవనంలోని డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో తెరిస్తే పైసా అడగకుండా తెరుచుకుంటుంది. కారణం చిన్నదే. ఫోన్ మొబైల్ డేటా మీద నడుస్తోంది, కంప్యూటర్ క్యాంపస్ నెట్‌వర్క్ మీద నడుస్తోంది. ప్రచురణ సంస్థ సర్వర్‌కు వచ్చిన మనిషి ఎవరో తెలియదు. ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చారన్నదే తెలుసు.

ఇంత చిన్న విషయం దగ్గర ఆగిపోయే వెతుకులాటలు ఎన్నో ఉంటాయి. మరోపక్క ఈ పేపర్ల కోసం దేశం పెడుతున్న ఖర్చు చిన్నది కాదు. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు దీని పరిధిలోకి వస్తారని ప్రకటించింది. భాగించి చూస్తే తలకు ఏడాదికి సుమారు 1,100 రూపాయలు. ఒక్క పేపర్‌ను విడిగా కొనాలన్నా అంతకు రెట్టింపు దాటుతుంది కాబట్టి, వాడుకుంటే ఇది చవక బేరమే. ఆ వాడుకోవడం దగ్గరే అసలు విషయం ఉంది.

## వెతుకులాట ఎక్కడ మొదలవుతుంది

లైబ్రరీ సైన్సు పాఠాల్లో సమాచారం వెతకడం క్రమపద్ధతిగా కనిపిస్తుంది. ముందు ప్రశ్న రాసుకోవాలి, తర్వాత కీలక పదాలు ఎంచుకోవాలి, సరైన డేటాబేస్ తెరవాలి, వచ్చినవాటిని వడకట్టాలి. నిజంగా పరిశోధన చేసేవాళ్లు అలా చేయరని పాతకాలం నుంచే తెలుసు. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో డేవిడ్ ఎల్లిస్ అనే పరిశోధకుడు సామాజిక శాస్త్రవేత్తల అలవాట్లను గమనించి 1989లో ఒక నమూనా ప్రతిపాదించారు. ఆయన చూసినదాంట్లో ముఖ్యమైంది గొలుసు పట్టుకుని పోవడం. చేతికి ఒక మంచి పేపర్ చిక్కుతుంది. దాని చివర ఉన్న రెఫరెన్సులు పట్టుకుని వెనక్కి వెళ్తారు. ఆ పేపర్‌ను తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూసి ముందుకు వెళ్తారు. దాంతోపాటు నాలుగైదు జర్నళ్ల కొత్త సంచికల మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచుతారు. అదే ఏడాది అమెరికాలో మార్షా బేట్స్ దీన్ని అడవిలో పళ్లు ఏరుకోవడంతో పోల్చారు. ఒకే చెట్టు దగ్గర బుట్ట నిండదు. నడుస్తూ ఒక్కో పొద దగ్గర ఒక్కో పండు కోస్తారు. నడుస్తుండగానే కావలసిందేమిటో కూడా మారిపోతుంది.

ఇంటర్నెట్ వచ్చాక ఈ అలవాటు పోలేదు, వేగం పెరిగింది అంతే. గొలుసులో ముందుకు వెళ్లడం ఒకప్పుడు పెద్ద పని. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ లావుపాటి సంపుటాలను లైబ్రరీలో కూర్చుని తిరగేయాల్సి వచ్చేది. అది కొనగలిగిన లైబ్రరీలే తక్కువ. 2004 నవంబర్‌లో గూగుల్ స్కాలర్ వచ్చాక ప్రతి పేపర్ కింద ‘దీన్ని ఉదహరించినవి’ అనే లింకు ఉచితంగా వచ్చేసింది. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన అనురాగ్ ఆచార్య. యూనివర్సిటీ అధ్యాపకుల దినచర్యను ఇంతగా మార్చిన టూల్ ఇంకోటి చెప్పడం కష్టం.

గొలుసుకు మొదటి కొస అందించేది మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మనుషులే. కాన్ఫరెన్స్‌లో కలిసినవారు, పీహెచ్‌డీ గైడ్, ఒకే గైడ్ దగ్గర పనిచేసిన పాత స్కాలర్లు, రిఫ్రెషర్ కోర్సులో పరిచయమైన తోటి అధ్యాపకులు. ‘సార్, ఈ పేపర్ చూశారా’ అని వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌కు ఉన్న విలువ వేరు, ఎందుకంటే అది అప్పటికే ఒకరు చదివి ఎంచి పంపింది. పెద్ద కేంద్రాల్లో ఉన్నవాళ్లకు ఇలాంటి పరిచయాలు ఎక్కువ. మారుమూల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సబ్జెక్టుకు ఒక్కరే ఉన్న లెక్చరర్‌కు తక్కువ. జర్నళ్ల చందా అందరికీ సమానంగా పంచొచ్చు గానీ, ఈ పరిచయాలను అలా పంచలేరు.

సమయం సంగతి కూడా ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు నేరుగా బోధించాలి. పరీక్షలు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్లు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్లు వీటికి అదనం. మిగిలిన అరగంటలో ఎవరైనా పట్టేది దగ్గరి దారే. అందుకే మొదటి పేజీలో కనిపించిన పది ఫలితాలే చాలాసార్లు మొత్తం ఫలితాలవుతాయి.

## కనిపించేది గూగుల్, కట్టేది లైబ్రరీ

గూగుల్ స్కాలర్ పేపర్లను చూపిస్తుంది, వాటిని కొనిపెట్టదు. లింకు నొక్కాక పూర్తి పాఠం తెరుచుకుందంటే వెనక ఎవరో చందా కట్టారని అర్థం, లేదా ఆ పేపర్ ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్‌లో ఉందని. చందా ఉన్న సంస్థ తన నెట్‌వర్క్ ఐపీ అడ్రసులను (ఇంటర్నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబర్లను) ప్రచురణ సంస్థకు ముందే ఇస్తుంది. ఆ అడ్రస్ నుంచి వచ్చిన వారందరికీ తలుపు తీసే ఉంటుంది. పాస్‌వర్డ్ అడగదు, లైబ్రరీ పేరు కనబడదు. చూసేవారికి అదంతా గూగుల్ మహిమలాగే ఉంటుంది.

ఈ ఏర్పాటు ఎంత సాఫీగా నడిస్తే లైబ్రరీ అంత కనుమరుగవుతుంది. అమెరికాలో ఇథాకా ఎస్ ప్లస్ ఆర్ అనే సంస్థ 2000 నుంచి సుమారు మూడేళ్లకోసారి అధ్యాపకుల మీద సర్వే చేస్తోంది. లైబ్రరీని ఏ పాత్రలో చూస్తున్నారని అందులో అడుగుతారు. సమాచారానికి ప్రవేశద్వారంగానా, భద్రపరిచే చోటుగానా, కావలసినవి కొనిపెట్టే సంస్థగానా? మొదటి దశాబ్దంలోనే ప్రవేశద్వారం అన్న పాత్ర తగ్గుతూ, కొనిపెట్టే పాత్ర పెరుగుతూ వచ్చింది. మన దగ్గర పరిస్థితి ఇంకో అడుగు ముందుకెళ్లింది. కొనేది కూడా ఇప్పుడు స్థానిక లైబ్రరీ కాదు, ఢిల్లీ నుంచి కేంద్రం, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ద్వారా. క్యాంపస్ లైబ్రేరియన్‌కు మిగిలింది రిజిస్ట్రేషన్లు, లాగిన్లు, ‘ఓపెన్ కావడం లేదు’ అన్న ఫోన్లు.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ కథ నిజానికి కొత్తది కాదు. 1991లో యూజీసీ ప్రాజెక్టుగా మొదలై 1996లో స్వతంత్ర అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రం అయింది. 2000 దశకంలో యూనివర్సిటీల కోసం యూజీసీ ఇన్ఫోనెట్, సాంకేతిక సంస్థల కోసం ఇండెస్ట్, ఆ తర్వాత కాలేజీల కోసం ఎన్-లిస్ట్ వచ్చాయి. మూడింటినీ 2015 చివర్లో ఈ-శోధ్‌సింధు పేరుతో ఒక గొడుగు కిందికి తెచ్చారు. ఎవరికి ఏ జర్నల్ వస్తుందన్నది ఏ కన్సార్టియంలో (కలిసి చందా పొందే సంస్థల గుంపులో) ఉన్నారన్నదాన్ని బట్టి ఉండేది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తెరుచుకున్న పేపర్ కొద్ది కిలోమీటర్ల దూరంలోని డిగ్రీ కాలేజీలో తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. కొత్త పథకం ఆ అంతరాన్ని ప్రభుత్వ సంస్థల మధ్య చెరిపేసింది. ఇది చిన్న మార్పేమీ కాదు.

## గేటు దాటితే

ఐపీ పద్ధతిలో ఉన్న లోపం మొదట్లో చెప్పిన ఫోన్ ఉదాహరణలోనే ఉంది. అధ్యాపకులు నిజంగా చదివేది రాత్రి ఇంట్లో, సెలవుల్లో ఊళ్లో, బస్సులో. క్యాంపస్ గేటు దాటగానే తలుపు మూసుకుంటుంది. ఇంటర్నెట్ కంపెనీని మార్చినప్పుడు కొత్త ఐపీ వివరాలు పంపడం మరచిపోతే క్యాంపస్ లోపల కూడా మూసుకుంటుంది. ఎవరైనా ఫిర్యాదు చేసేదాకా ఆ సంగతి బయటపడదు. ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ. ‘మనకు ఈ జర్నల్ రాదేమో’ అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

దీనికి పరిష్కారంగా ఇన్‌ఫెడ్ అనే ఉమ్మడి లాగిన్ వ్యవస్థ ఉంది. సంస్థ తన అధ్యాపకులకు యూజర్ ఐడీలు ఇస్తే, ప్రచురణ సంస్థ వెబ్‌సైట్‌లో ‘సంస్థ ద్వారా లాగిన్’ అన్నచోట తమ యూనివర్సిటీ పేరు ఎంచుకుని ఎక్కడి నుంచైనా తెరవొచ్చు. గూగుల్ స్కాలర్‌కూ ఇంకో సదుపాయం ఉంది. క్యాంపస్‌లో ఒకసారి వాడితే, దీనికి ఒప్పుకున్న ప్రచురణ సంస్థల పేపర్లు ఇంటికి వెళ్లాక కూడా కొన్నాళ్లు తెరుచుకుంటాయి. మంచి ఏర్పాట్లే. చిక్కల్లా దారిలో ఎన్ని నొక్కులు ఉన్నాయన్నది. సంస్థ పేరు వెతకాలి, ఐడీ గుర్తుండాలి, పాస్‌వర్డ్ గడువు తీరితే లైబ్రరీకి మెయిల్ పెట్టాలి.

చందా పేపర్లను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ ఇంతగా ప్రచారంలోకి రావడానికి డబ్బుతోపాటు ఈ నొక్కులూ కారణమే. కజకిస్థాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ 2011లో మొదలుపెట్టిన ఈ సైటులో పేపర్ గుర్తింపు సంఖ్య అయిన డీఓఐ అతికిస్తే పీడీఎఫ్ వచ్చేది. దాని సర్వర్ రికార్డులను సైన్స్ పత్రిక 2016లో విశ్లేషించింది. ఆరు నెలల్లో 2.8 కోట్ల డౌన్‌లోడ్లు జరిగాయని, ముందు వరుస దేశాల్లో చైనా, భారత్, ఇరాన్ ఉన్నాయని తేలింది. చందాలకు లోటు లేని అమెరికన్ యూనివర్సిటీ పట్టణాల నుంచి కూడా వేల డౌన్‌లోడ్లు ఉండటం అందులో ఆసక్తికరమైన విషయం. అక్కడివారికి డబ్బు సమస్య కాదు, సులువుగా ఉండటం ముఖ్యం. ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. 2025 ఆగస్టులో భారత్‌లో ఆ సైటును నిలిపేయాలని కోర్టు ఆదేశించింది. కేంద్రం చందా కట్టడం, సై-హబ్ మూతపడటం ఒకే ఏడాదిలో జరిగాయి. చందా పరిధిలో ఉన్నవారికి దారి మారింది, లేనివారికి మూసుకుపోయింది.

లేనివారంటే ఎవరు? తెలుగు రాష్ట్రాల్లో ఇది గట్టి ప్రశ్న. పథకం మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే. ఇక్కడ ఇంజినీరింగ్ విద్యలో అత్యధిక భాగం ప్రైవేటు కాలేజీలది. జేఎన్‌టీయూలకు అనుబంధంగా ఉన్న కాలేజీల్లో చాలావరకు ప్రైవేటువే. వాటి అధ్యాపకులు కూడా పీహెచ్‌డీలు చేస్తారు, పేపర్లు రాస్తారు. వాటిలో కొన్ని ఐట్రిపుల్‌ఈ వంటి ఒకటి రెండు డేటాబేసులు సొంతంగా కొంటాయి. 1988లో ఢిల్లీలో మొదలైన డెల్‌నెట్‌లో సభ్యత్వం తీసుకునేవి ఎక్కువ. ఒక లైబ్రరీలో లేని పుస్తకాన్ని, వ్యాసాన్ని ఇంకో లైబ్రరీ నుంచి తెప్పించడం దాని ప్రధాన పని. న్యాక్ మూల్యాంకనంలో ఈ-వనరుల చందాకు మార్కులు ఉన్నాయి కాబట్టి కొనడానికి కారణం దొరుకుతుంది. తీరా కొన్నాక అధ్యాపకులకు లాగిన్ అందిందా లేదా అన్నదాన్ని కాలేజీని బట్టి చూసుకోవాల్సిందే. ఒకే యూనివర్సిటీ పరిధిలో క్యాంపస్ కాలేజీ అధ్యాపకుడికి తెరుచుకునే పేపర్, అదే సిలబస్ చెప్పే అనుబంధ కాలేజీ అధ్యాపకుడికి తెరుచుకోదు.

## సబ్జెక్టును బట్టి దారులు

‘అధ్యాపకులు’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, వాళ్లు వెతికే తీరు సబ్జెక్టును బట్టి పూర్తిగా మారుతుంది. గణితం, ఫిజిక్స్ వారికి 1991 నుంచి ఉన్న ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ భాండారమే రోజూ చదివే పత్రిక. జర్నల్‌లో అచ్చయ్యేలోపే అక్కడ చదివేసి ఉంటారు. కెమిస్ట్రీవారికి మాటలకన్నా బొమ్మ ముఖ్యం. అణువు నిర్మాణాన్ని గీసి వెతికే సైఫైండర్ వంటి టూల్స్ కావాలి, వాటి చందా ఖరీదైనది. వైద్యంలో ఉచిత పబ్‌మెడ్ ఉంది. హార్ట్ ఎటాక్ అని టైపు చేసినా, మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అన్న ప్రామాణిక పదంతో ముడిపెట్టి వెతుకుతుంది. ఆ ప్రామాణిక పదాల జాబితా వెనక దశాబ్దాలుగా పనిచేసిన లైబ్రేరియన్లు ఉన్నారు. చరిత్రవారి సంగతి వేరు. వాళ్ల సరుకు జర్నళ్లలో కన్నా హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఉంటుంది.

తెలుగు శాఖల పరిస్థితి కాస్త ఆగి చూడాలి. 6,000 కోట్ల పథకంలో వాళ్లకు పనికొచ్చేవి అతి తక్కువ. వాళ్లకు కావలసినవి పాత పుస్తకాలు, పాత పత్రికలు, థీసిస్‌లు. వీటిలో చాలా భాగం డిజిటల్ రూపంలో ఇప్పటికే ఉండటం విశేషం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ఒక పెద్ద కేంద్రం. తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అసలు సైటు తర్వాత మూతపడినా కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి. పత్రికా అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో తెలుగు థీసిస్‌లు ఉన్నాయి. 2009 యూజీసీ నిబంధనతో పీహెచ్‌డీ గ్రంథాల డిజిటల్ ప్రతి ఇవ్వడం తప్పనిసరి అయింది.

సరుకు ఉంది, సెర్చ్ బాక్సులో తగలదు. ఎందుకో చూడాలంటే ‘గ్రంథాలయం’ అన్న ఒక్క మాట తీసుకుంటే చాలు. పాత పుస్తకాల్లో అది ‘గ్రంథాలయము’. అలవాటైన తప్పుతో రాస్తే ‘గ్రంధాలయం’. సంధి కలిస్తే ‘గ్రంథాలయోద్యమం’. విభక్తి చేరితే ‘గ్రంథాలయాలకు’, ‘గ్రంథాలయంలోనూ’. అక్షరాలను మాత్రమే పోల్చే సెర్చ్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలు. ఇంగ్లిష్‌లో ఏకవచనం, బహువచనం కలిపి చూసే ఏర్పాటు ఎప్పుడో వచ్చింది. తెలుగు పదాన్ని మూలరూపానికి తెచ్చి వెతికే ఏర్పాటు లైబ్రరీ కేటలాగుల్లో అరుదు.

దీనికి ఫాంట్ల గొడవ తోడైంది. డీటీపీ కాలంలో తెలుగు పుస్తకాలు, థీసిస్‌లు ఎక్కువగా అను, శ్రీలిపి వంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపయ్యాయి. తెర మీద తెలుగులాగే కనిపిస్తాయి. ఫైలు లోపల ఉన్నవి రోమన్ అక్షరాలు, గుర్తులు. ఆ పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి అతికిస్తే అర్థంలేని అక్షరాల వరస పడుతుంది. సెర్చ్ ఇంజిన్‌కు కనబడేదీ అదే. అంటే అచ్చంగా డిజిటల్‌లో పుట్టిన థీసిస్ కూడా వెతుకులాట దృష్టిలో తాళపత్రంతో సమానం.

ఇక స్కాన్ చేసిన పుస్తకాల పేర్లను అప్పట్లో రోమన్ లిపిలో ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు ఎక్కించారు. దీర్ఘం ఒకచోట రెండు అక్షరాలు, ఇంకోచోట ఒకటి. ‘శ’కు ఒకరు ఒక రకంగా రాస్తే మరొకరు ఇంకో రకంగా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకం వెతికే అనుభవజ్ఞులు ఒక పేరును నాలుగైదు తప్పుడు స్పెల్లింగులతో కొట్టి చూస్తారు. ఇదొక విద్య అయిపోయింది, గైడు నుంచి స్కాలర్‌కు నోటిమాటగా చేరుతోంది. బొమ్మ నుంచి అక్షరాలు గుర్తించే ఓసీఆర్ తెలుగుకు ఈ మధ్య బాగా మెరుగుపడింది. తెలుగు వికీసోర్స్ వాలంటీర్లు దాన్ని వాడి పుస్తకాలను వెతకగలిగే పాఠంగా మారుస్తున్నారు. పాత అచ్చులో అరసున్నలు, శకటరేఫలు, వెలిసిపోయిన కాగితం ఉన్నచోట మనిషి చెయ్యి పడక తప్పదు. అందుకే 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్లకు పాత పత్రికల కోసం రైలెక్కే పరిశోధకులు ఇంకా ఉన్నారు. అక్కడ సంపుటి చేతికిస్తే పక్క పేజీలో అనుకోనిది కనబడుతుంది. ఆ లాభం ఏ సెర్చ్ బాక్సూ ఇవ్వలేదు.

## ప్రమోషన్ లెక్కలు

వెతకడం జ్ఞానం కోసమే అయితే కథ ఇక్కడితో అయిపోయేది. అధ్యాపకులు వెతికేవాటిలో ‘ఎక్కడ ప్రచురించాలి’ అన్నది కూడా ఒకటి. ప్రమోషన్‌కు, పీహెచ్‌డీ గైడ్‌షిప్‌కు పేపర్లు కావాలి. ఏ జర్నల్‌కు విలువ ఉందన్నది యూజీసీ జాబితా చెప్పేది. ఆ జాబితా స్థిరంగా లేదు. 2018 మేలో 4,305 జర్నళ్లను ఒక్కసారిగా తొలగించారు. తర్వాత యూజీసీ-కేర్ జాబితా వచ్చి 2019 నుంచి అమలైంది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ రద్దుచేస్తున్నట్టు ప్రకటించి, జర్నల్ నాణ్యతను తేల్చడానికి కొన్ని సూచికలు ఇచ్చి, ఆ బాధ్యతను ఆయా సంస్థలకు వదిలారు.

జాబితా ఉన్నప్పుడు అధ్యాపకుడు చేయాల్సింది పేరు ఉందో లేదో చూడటమే. దాంతో అసలు జర్నల్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టాయి. పేరు అదే, ఐఎస్‌ఎస్‌ఎన్ అనే జర్నల్ గుర్తింపు సంఖ్య అదే, డబ్బు కట్టించుకునే ఖాతా మాత్రం వేరు. జాబితా పోయాక ఎడిటోరియల్ బోర్డు నిజమా, పీర్ రివ్యూ (ఆ రంగం నిపుణుల పరిశీలన) జరుగుతుందా, పాత సంచికలు ఉన్నాయా అన్నవి ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇది పరిశోధన చేసినంత పని. ఆ బాధ్యత తీసుకోగలిగిన సంస్థలు తీసుకుంటాయి. మిగిలినవి స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే ప్రైవేటు జర్నల్ డేటాబేసుల్లో ఉందా అని అడిగి ఊరుకుంటాయి. అంటే ప్రభుత్వ జాబితా స్థానంలో కంపెనీల జాబితా కూర్చుంటుంది. తెలుగు వంటి భాషల పత్రికలకు ఆ డేటాబేసుల్లో చోటు దొరకడం అరుదు కాబట్టి దెబ్బ ఎవరికో ఊహించవచ్చు.

## ఏఐ వచ్చాక

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత వెతుకులాటకు ఇంకో తలుపు తెరుచుకుంది. కీలక పదాలు ఎంచుకోనక్కర్లేదు, ప్రశ్న మామూలు మాటల్లో అడగొచ్చు. కొత్త విషయంలోకి దిగేటప్పుడు ఆ రంగంలోని పదజాలం తెలుసుకోవడానికి ఇది నిజంగా పనికొస్తుంది. రెఫరెన్సులు అడిగితేనే టెన్షన్. చాట్‌జీపీటీ వంటి భాషా నమూనా ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసి రాస్తుంది. రెఫరెన్సుకు ఒక మూస ఉంది. రచయిత ఇంటిపేరు, సంవత్సరం, శీర్షిక, జర్నల్, పేజీలు. మూసలో ఇమిడే ప్రతిదాన్నీ అది తేలిగ్గా అల్లగలదు, లేని పేపర్‌ను కూడా. రచయిత నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం ఎప్పుడూ అచ్చుకాలేదు. చాట్‌జీపీటీ ఇలాగే అల్లిన, అసలు లేని తీర్పులను కోర్టులో దాఖలుచేసి 2023లో న్యూయార్క్ లాయర్లు 5,000 డాలర్ల జరిమానా కట్టారు.

ముందు పేపర్లు వెతికి, తర్వాత వాటి ఆధారంగా జవాబు రాసే ఎలిసిట్, కన్సెన్సస్ వంటి టూల్స్ ఈ విషయంలో మెరుగు. వాటికి వేరే పరిమితి ఉంది. అవి ఎక్కువగా చదివేది సారాంశాలను, ఓపెన్ యాక్సెస్ పేపర్లను. చందా గోడ వెనక ఉన్న పూర్తి పాఠం అధ్యాపకుడికి అందుతుంది గానీ ఆ టూల్‌కు చాలావరకు అందదు. దేశం డబ్బు కట్టిన సమాచారం ఒకచోట, అధ్యాపకుడు అడుగుతున్నది ఇంకోచోట అన్నమాట.

సరిచూసుకునే పద్ధతి కష్టమేమీ కాదు. ఈ రోజుల్లో చాలా జర్నల్ పేపర్లకు 10 అంకెతో మొదలయ్యే డీఓఐ ఉంటుంది. దాన్ని డీఓఐ సైటులో అతికిస్తే పేపర్ ఉందో లేదో తేలిపోతుంది. జొటేరో వంటి ఉచిత రెఫరెన్స్ మేనేజర్‌లో పేపర్లు దాచుకుంటే, తర్వాతెప్పుడైనా ఏ పేపర్‌నైనా జర్నల్ ఉపసంహరించుకుంటే ఎర్ర గుర్తుతో హెచ్చరిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో దాచిన పీడీఎఫ్ అలా హెచ్చరించదు. శోధ్‌శుద్ధి కింద యూనివర్సిటీలకు ఇచ్చిన, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ ఉపయోగపడదు. అది వాక్యాల పోలిక చూస్తుంది, ఉదహరించిన పేపర్ అసలు ఉందా లేదా అన్నది కాదు.

## లెక్కకు రానివి

గణితం బోధిస్తూ 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. డిజిటల్ చందా ఆ పనిని సగం చేసింది. బీరువా దాకా నడిచే సమయం మిగిల్చింది. ఏ బీరువా దగ్గరికి వెళ్లాలో చెప్పే పని మనిషిదే. ఆ పనే క్యాంపస్‌లో పలచబడుతోంది. విదేశాల్లో పెద్ద యూనివర్సిటీలు కెమిస్ట్రీకి ఒకరు, లా కు ఒకరు అని సబ్జెక్ట్ లైబ్రేరియన్లను పెట్టుకుంటాయి. మన దగ్గర సెంట్రల్ లైబ్రరీ ఏడాదికోసారి ప్రచురణ సంస్థ ప్రతినిధిని పిలిచి ఓరియెంటేషన్ పెడుతుంది. ఆ ప్రతినిధి సహజంగానే తన కంపెనీ ప్లాట్‌ఫాం గురించే చెబుతారు. మిగతా ఇరవై తొమ్మిదింటిని కలిపి ఎలా వెతకాలో చెప్పడం ఆయన పని కాదు.

పథకానికి కేటాయించిన డబ్బు 2027 డిసెంబర్ దాకా. వాడకాన్ని, భారతీయ పరిశోధకుల ప్రచురణలను అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఎప్పటికప్పుడు సమీక్షిస్తుందని మంత్రివర్గం ప్రకటనలోనే ఉంది. ప్రచురణ సంస్థలు వాడకం వివరాలను సాధారణంగా కౌంటర్ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇస్తాయి. ఎన్ని పేపర్లు తెరిచారో అందులో ఉంటుంది. చందా లేక తలుపు దగ్గర ఎంతమంది ఆగిపోయారో కూడా ఉంటుంది. అయితే ఆ రెండో లెక్క సంస్థ పేరు మీద పడాలంటే వచ్చినవారు సంస్థ నెట్‌వర్క్‌లోనో లాగిన్‌తోనో రావాలి. మొబైల్ డేటాతో వచ్చి డాలర్లు చూసి వెనక్కి తిరిగిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆ యూనివర్సిటీ లెక్కలో పడరు. ‘గ్రంథాలయము’ అని కొట్టాల్సినచోట ‘గ్రంథాలయం’ అని కొట్టి, ఏమీ రాక ఫోన్ పక్కన పెట్టేసిన తెలుగు లెక్చరర్ అసలు ఏ లెక్కలోనూ పడరు.